పెళ్ళి పూలు - ఒక పూలవాడి మాటలు

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సంవత్సరం ఈ స్థలంలో నిలబడి ఒక డాక్టరుగారు మాట్లాడారు. అంతకు ముందు ఏడు ఒక వకీలు సాహెబ్ మాట్లాడారు. ఈ ఏడు పూలు అమ్ముకునేవాణ్ణి తీసుకొచ్చి నిలబెట్టారు. సెక్రటరీగారు మా కొట్టుకు వచ్చి అడిగినప్పుడు, "భాయ్, నాకు మాల కట్టటం వచ్చుగాని మాట్లాడటం రాదు" అని తప్పించుకోబోయాను. ఆయన వదలలేదు. "మన యిళ్ళల్లో పెళ్ళికి పూల ఖర్చు యింత ఎందుకు పెరిగింది? ఏ పూలు ఎప్పుడు తీసుకోవాలి? ఈ సంగతి మీరు చెప్పకపోతే యింకెవరు చెబుతారు?" అన్నారు. అది నిజమే అనిపించింది. బెజవాడలో నలభై ఏళ్ళకు పైగా పూలకొట్టు నడిపాను. ఇప్పుడు కొడుకులు చూసుకుంటున్నారు. నా చేతుల మీదుగా ఎన్ని సెహ్రాలు వెళ్ళాయో లెక్క లేదు. అంచేత నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

మొదట ఒక మాట. నికాహ్‌కు పువ్వు షరతు కాదు. అమ్మాయి, అబ్బాయి ఒప్పుకోవాలి, సాక్షులు వుండాలి, మహర్ వుండాలి. ఈ సంగతి నాకన్న మీకే బాగా తెలుసు. సెహ్రా కట్టుకోవాలా వద్దా అని కూడా కొందరు నన్ను అడుగుతారు. అది ఉలమాలు చెప్పవలసిన మాట; నేను పూలవాణ్ణి. నేను చెప్పగలిగేది ఒకటే. పువ్వు లేకపోయినా పెళ్ళి అవుతుంది. కనుక సంతోషం కోసం తెచ్చుకునే వస్తువు ఆ యింటికి దుఃఖం తెచ్చిపెట్టకూడదు. తెచ్చిపెట్టటం నేను నా కళ్ళతో చూశాను. అందులో నా పాలు కూడా వుంది. అది ముందే చెప్పుకుంటే నా మనసు తేలికపడుతుంది.

1994 డిసెంబరులో ఒక సైకిలు షాపు ఆయన తన పెద్దమ్మాయి పెళ్ళికి పూలు మాట్లాడటానికి వచ్చాడు. మంచి మనిషి. జుమ్మా నమాజులో నా పక్క సఫ్‌లో నిలబడేవాడు. ఆయనతో అబ్బాయి తరఫువాళ్ళు యిద్దరు వచ్చారు. స్టేజీ అంతా తెల్లగా వుండాలి, మల్లెపూల తెరలు దించాలి అన్నారు వాళ్ళు. డిసెంబరులో మల్లెలు ఎక్కడివి? మన తోటలన్నీ అప్పుడు నిద్రలో వుంటాయి. తమిళనాడు నుంచి రావాలి. అక్కడ కూడా ఆ చలి నెలల్లో మొగ్గ తక్కువ, ధర ఎక్కువ. వేసవిలో మనం కొనే ధరకు ఎన్నో రెట్లు. ఆ సంగతి నాకు తెలుసు. అప్పుడు ఆయనను పక్కకు పిలిచి, "భాయ్, ఈ కాలంలో మల్లె వద్దు, చామంతి తెల్లగా బ్రహ్మాండంగా వస్తోంది, నాలుగో వంతు ఖర్చులో అవుతుంది" అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. పెద్ద బేరం గదా అని నోరు మూసుకున్నాను.

పెళ్ళి బాగా జరిగింది. పూల తెరలు చూసి అందరూ మెచ్చుకున్నారు. రాత్రి పదకొండు గంటలకు మా కుర్రవాళ్ళు వెళ్ళి ఆ తెరలు విప్పేసరికి మొగ్గలన్నీ విచ్చుకుని, అంచులు ఎర్రబడి, చేత్తో పట్టుకుంటే రాలిపోతున్నాయి. మర్నాడు మునిసిపాలిటీ బండి తీసుకుపోయింది. కాని ఆ బాకీ మర్నాటితో పోలేదు. ఆయన ప్రతి జుమ్మాకు నమాజు కాగానే కొట్టుకు వచ్చి కొంత కొంత యిచ్చి వెళ్ళేవాడు. ఒక్క వారం కూడా తప్పలేదు, ఒక్క మాట కూడా అనలేదు. అలా పది నెలలు యిచ్చాడు. ఆ మధ్యలో కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మనవడు పుట్టాడని నాకు మిఠాయి పెట్టాడు. మిఠాయితోబాటు ఆ వారం కిస్తీ కూడా చేతిలో పెట్టాడు. ఆ మిఠాయి నాకు గొంతు దిగలేదు. మిగిలిన బాకీ వద్దన్నాను. "భాయ్, బాకీ బాకీయే" అని ఆయన వినలేదు.

అప్పటినుంచి మా కొట్టులో ఒక పద్ధతి పెట్టాను. పెళ్ళికి పూలు అడగటానికి ఎవరు వచ్చినా ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. పెళ్ళి ఏ నెలలో? అమ్మాయికి ఏ పువ్వు యిష్టం? ఈ రెండింటికీ జవాబు వచ్చిన తర్వాతనే ధర మాట.

మొదటి ప్రశ్న నెల సంగతి.

మల్లె మన ప్రాంతంలో వేసవి పువ్వు. చలికాలంలో రైతు తోటకు నీళ్ళు ఆపుతాడు. కొందరు గొర్రెలను, మేకలను తోలి ఆకు మేపిస్తారు. తర్వాత కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, నీళ్ళు పెడితే కొత్త చిగుళ్ళతోబాటు మొగ్గ వస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా మంచి కాపు. మైలవరం వైపు నుంచి బుట్టలు బుట్టలుగా మార్కెట్టుకు దిగుతాయి. ఆ రోజుల్లో మల్లెను మించిన పెళ్ళిపువ్వు లేదు, అంత చవకైనదీ లేదు. వానలు పడ్డాక జాజులు, సన్నజాజులు వస్తాయి. వీటి రేకు పలచన, త్వరగా వాడుతుంది. కాని జడలో వాసనకు వాటి తర్వాతే ఏదైనా. చలికాలం వచ్చేసరికి కాగడాలు. చూడటానికి తెల్లగా మల్లెలాగే వుంటాయి గాని వాసన వుండదు. దూరంనుంచి చూసే తెరలకు, దండలకు బాగుంటాయి. కొందరు వ్యాపారులు చలికాలంలో మల్లెల్లో కాగడాలు కలిపి అమ్ముతారు. వాసన చూసి తీసుకోండి.

చామంతి పగలు తగ్గి రాత్రి పెరిగే కాలంలో పూసే మొక్క. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన చామంతి విరివిగా వస్తుంది. ఇప్పుడు బెంగుళూరు వైపునుంచి ఏడాది పొడుగునా వస్తున్నది నిజమేగాని, కాలంలో వచ్చిన పువ్వుకు వున్న గట్టితనం వేరు, ధర వేరు. బంతి దసరా, దీపావళి రోజుల్లో ఎక్కువ. కనకాంబరానికి వాసన లేకపోయినా చాలా తేలిక. తల బరువెక్కదు, రెండు రోజులు వాడదు. మన ఆడపిల్లలకు ఎర్ర చీర మీద, పచ్చ చీర మీద దానికి మించిన అందం లేదు. ఇవన్నీ కడియం వైపు లంకల్లో పండుతాయి. కడియపులంక మార్కెట్టునుంచి తెల్లవారేసరికి మన ఊళ్ళకు చేరుతాయి. హైదరాబాదులో బంధువులున్నవారికి గుడిమల్కాపూర్ మార్కెట్టు వుంది. ఒకప్పుడు అది జాంబాగ్‌లో వుండేది.

ఇక లిల్లీ. మనం లిల్లీ అంటాంగాని ఉర్దూలో గుల్-ఎ-షబ్బో అంటారు. రాత్రిపూట పరిమళించే పువ్వు. బంతి, ఈ లిల్లీ రెండూ మెక్సికో దేశంనుంచి వచ్చినవంటే మీలో చాలామంది నమ్మరు. అక్కడినుంచి వచ్చి మన పెళ్ళిపందిట్లో సొంత బిడ్డల్లా కలిసిపోయాయి. లిల్లీలో ఒంటిరేకుది వాసన ఎక్కువ, దండకు, సెహ్రాకు మంచిది. ముద్దరేకుది కాడతో సహా పూలకూజాలో పెట్టటానికి మంచిది. బెంగుళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థవారు శృంగార్, ప్రజ్వల్ అని మంచి ఒంటిరేకు రకాలు తీశారు. లిల్లీ దాదాపు సంవత్సరమంతా దొరుకుతుంది గనుక ఏ నెలలో పెళ్ళి అయినా తెల్లపూలకు లోటు లేదు.

ఇక్కడ మన వాళ్ళకు సంబంధించిన ఒక చిత్రం చెబుతాను. రంజాన్ వెళ్ళగానే షవ్వాల్‌లో మన పెళ్ళిళ్ళు ఎక్కువ గదా! కాని మన నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతాయి. 2011లో ఈద్ ఆగస్టు ఆఖరు రోజున వచ్చింది. ఆ షవ్వాల్‌లో పెళ్ళికూతుళ్ళు జాజులు పెట్టుకున్నారు. 2024లో ఈద్ ఏప్రిల్ 11న వచ్చింది. ఆ షవ్వాల్‌లో మల్లెలే మల్లెలు. 2030లో ఈద్ ఫిబ్రవరి మొదటివారంలో వస్తుంది, నెలవంకను బట్టి ఒకరోజు అటూయిటూ. ఆ షవ్వాల్ చామంతిది, కాగడాలది. నెల పేరు మారదు, పువ్వు మారుతుంది. "మా దాదీ పెళ్ళి షవ్వాల్‌లోనే జరిగింది, అన్నీ మల్లెలే, నాకూ అవే కావాలి" అంటే దాదీ పెళ్ళినాటి షవ్వాల్ ఏ ఋతువులో వచ్చిందో ముందు లెక్క చూసుకోవాలి.

రోజు సంగతి కూడా చెప్పాలి. మార్కెట్టులో పూల ధర మన పెళ్ళిళ్ళతో పెరగదు. మన హిందూ సోదరుల ముహూర్తాలతో పెరుగుతుంది. ఒకే ముహూర్తానికి ఊరంతా బాజాలు మోగుతుంటే కిలో ధర తెల్లవారేసరికి రెండింతలు, మూడింతలు అవుతుంది. శ్రావణ శుక్రవారాలు, వినాయక చవితి, దసరా రోజుల్లో కూడా అంతే. ఆషాఢంలో, మూఢం రోజుల్లో వాళ్ళ పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. అప్పుడు పూలు అడిగేవాడు లేక రైతు దిగులుపడతాడు. మనకు ముహూర్తం పట్టింపు లేదు గదా. హాలు దొరికే రోజు, చుట్టాలకు వీలైన రోజు చూసుకుంటాం. దానితోబాటు తెలుగు క్యాలెండరు కూడా ఒకసారి తిరగేయండి. పెద్ద ముహూర్తం లేని రోజు పెట్టుకుంటే పూలే కాదు, హాలు, షామియానా, వంటవాళ్ళు, అన్నీ మెత్తబడతాయి. రైతుకూ ఆ డల్ సీజనులో నాలుగు డబ్బులు చేరతాయి.

మా అమ్మాయి పెళ్ళి నేను అలాగే చేశాను. 2010 జులై ఆఖరులో. మనకు షాబాన్ నెల, అటు వాళ్ళకు ఆషాఢం. పూలవాడి కూతురు పెళ్ళి అంటే ఊరంతా పూలమయం అవుతుందనుకున్నారు చుట్టాలు. నేను వాడిన పూలు వినండి. అబ్బాయి సెహ్రాకు ఒంటిరేకు లిల్లీ మొగ్గలు కిలోన్నర, గులాబీలు అరకిలో. అమ్మాయికి జాజులు ఆరు మూరలు, కనకాంబరాలు నాలుగు మూరలు, మధ్యలో మరువం. ఇద్దరికీ రెండు దండలు. మెహందీ రాత్రి చేతులకు, చెవులకు పూలనగలకు సన్నజాజులు అరకిలో. స్టేజీ మీద మా ఆవిడ పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ జరీ దుప్పటి వెనక కట్టి, అటూ యిటూ లిల్లీ కాడలు రెండు కూజాల్లో పెట్టాము. అంతే. వచ్చినవాళ్ళు అమ్మాయి ముఖం చూశారుగాని వెనక గోడ చూడలేదు.

సెహ్రా యింట్లో గుచ్చుకోవటం కష్టమేమీ కాదు. వేసవిలో అయితే కిలో మల్లెమొగ్గలు, పావుకిలో గులాబీలు చాలు. రెండడుగుల పొడుగు లడీలు 21 గుచ్చుకోవాలి. మొగ్గకు అడ్డంగా సూది దించితే లడీ నిండుగా వస్తుంది. నిలువుగా దించితే పూలు తక్కువ పడతాయి గాని పలచగా వుంటుంది. నుదుటి పట్టీకి మెత్తని గుడ్డ వాడండి. తీగ పెట్టి బిగిస్తే అబ్బాయికి నుదురు కోసుకుపోతుంది. నూలుదారం మంచిది, నైలాను దారం మొగ్గను కోసేస్తుంది. ఒకప్పుడు మెహందీ రాత్రి చాచీలు, ఖాలాలు, ఫూఫీలు చాప మీద కూర్చుని పాటలు పాడుతూ గుచ్చేవారు. సెహ్రా అంటే పూలతో కట్టేదే కాదు, పెళ్ళికొడుకు మీద చెప్పే కవిత్వాన్ని కూడా సెహ్రా అంటారు. 1852లో ఢిల్లీలో బహదూర్ షా జఫర్ కొడుకు జవాన్ బఖ్త్ పెళ్ళికి మీర్జా గాలిబ్, ఉస్తాద్ జౌఖ్ యిద్దరూ సెహ్రాలు రాశారు. ఆ రోజు కట్టిన పూలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు, ఆ సెహ్రాలు యిప్పటికీ చదువుకుంటున్నారు. మన యిళ్ళల్లో కవులు లేకపోవచ్చు. నలుగురు ఆడవాళ్ళు కలిసి కూర్చునే ఒక రాత్రి మాత్రం యింకా మన చేతుల్లో వుంది. రెడీమేడ్ సెహ్రాతో ఆ రాత్రి కూడా పోతున్నది.

ఇహ పూలు కొనేటప్పుడు చూడవలసిన సంగతులు. మల్లెమొగ్గ తెల్లవారుజామున కోసి, సాయంత్రానికి విచ్చుకుంటుంది. నికాహ్ అసర్ తర్వాత అయితే ఆ ఉదయం దిగిన మొగ్గ కొనండి. మొగ్గ గట్టిగా, నిండుగా, పాలతెలుపుగా వుండాలి. అడుగున చెయ్యి పెట్టి చూడండి. తడిగా, వేడిగా తగిలితే ఆ బుట్ట నిన్నటిది. తెచ్చిన పూలను ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టకండి, చెమర్చి కుళ్ళుతాయి. తడిపి పిండిన గుడ్డలోగాని, అరిటాకులోగాని చుట్టి చల్లని చోట పెట్టండి. నీళ్ళు చిలకరించటం మంచిదే, ముంచటం మంచిది కాదు. గులాబీ దండకు, సెహ్రాకు మన నాటు గులాబీయే వాసన. పొడుగు కాడల డచ్ గులాబీ బెంగుళూరు, హోసూరు వైపునుంచి కట్టకు 20 చొప్పున వస్తుంది. చూడటానికి బాగుంటుంది, వాసన తక్కువ. అది కొంటే సగం విచ్చినది తీసుకోండి, పూర్తిగా విచ్చినది రాత్రికి రాలుతుంది. ఆర్కిడ్లని కొన్ని వస్తాయి, చాలావరకు థాయ్‌లాండ్ సరుకు. వారం రోజులు వాడవు. వారం రోజులు పెళ్ళి చేసేవాళ్ళకు మంచివి.

చేయకూడనివి కొన్ని చెబుతాను. రంగునీళ్ళలో ముంచిన నీలం పూలు, పచ్చ పూలు కొనకండి. చెమట తగిలితే ఆ రంగు పెళ్ళికొడుకు షేర్వానీకి దిగుతుంది. ఒకసారి దిగితే పోదు. పాలరాతి నేల మీద గులాబీ రేకులు చల్లకండి. చల్లిన గంటకు అవి నూనె పోసినట్టు జారుతాయి. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురు నానీ జారి పడి తుంటి విరగటం నేను చూశాను. మసీదులో నికాహ్ పెట్టుకుంటే బంతిపూలు లోపలికి తేకండి, తివాచీకి పసుపు మరక పడితే వదలదు. ఏసీ హాలు తలుపులు మూసి లిల్లీలు గుట్టగా పెడితే ఉబ్బసం వున్నవాళ్ళకు ఊపిరి ఆడదు. పూలకాడలు గుచ్చటానికి స్టేజీవాళ్ళు వాడే ఆకుపచ్చ స్పంజి దిమ్మ ప్లాస్టిక్కే. అది మట్టిలో కలవదు. దానికి బదులు కుండలో తడి యిసుక పోసి గుచ్చితే అంతకన్నా బాగా నిలుస్తాయి. పెళ్ళి అయ్యాక దారాలు, పిన్నులు తీసేసి పూలు చెట్ల మొదట్లో వేయండి. మురికికాలువలో పోయకండి.

ఇప్పుడు బిల్లు మాట. కోపం రాకపోతే కొంచెం గట్టిగా చెబుతాను. ఎక్కువ యిళ్ళల్లో పూల బిల్లు పెంచేది అమ్మాయి కాదు, అమ్మాయి తండ్రి కాదు. అబ్బాయి తరఫునుంచి ఎవరో ఒకరు ఫలానావారి పెళ్ళిలో ఫలానా విధంగా వుంది అని ఒక ఫోటో చూపిస్తారు. వాళ్ళు కావాలని బాధపెట్టాలని చూపించరు. సరదాగా అంటారు. కాని వియ్యాలవారి సరదా మాట అమ్మాయి తండ్రికి హుకుం. ఆయన "అలాగే" అంటాడు. ఆ ఒక్క మాట వెనక ఎంత లెక్క నడుస్తుందో మా కొట్టు ముందు నిలబడ్డ ఆయన ముఖం చూస్తే తెలుస్తుంది. కనుక అబ్బాయిల తల్లిదండ్రులకు నా మనవి. మీకు పూలు యిష్టమైతే వలీమాకు పెట్టుకోండి. అది మీ ఖర్చు, మీ సంతోషం. నికాహ్ స్టేజీ గురించి మాట్లాడకండి. అబ్బాయికి మనసు నిండా యివ్వాలని వుంటే మహర్ నగదుగా ఆ రోజే అమ్మాయి చేతికి యిప్పించండి. ఆమెకు మిగిలేది అదే.

అమ్మాయిల తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. పూలవాడి దగ్గర నోటిమాట మీద బేరం చేయకండి. ఏ పువ్వు, ఎన్ని కిలోలు, ఎన్ని మూరలు, ఎన్ని గంటలకు తెస్తాడు, మొత్తం ఎంత, కాగితం మీద రాయించుకోండి. "చూసి చేద్దాం సాహెబ్, మీ దగ్గర ఎక్కువ తీసుకుంటామా" అనే మాట వినిపిస్తే లేచి రండి. మా వృత్తిలో ఆ మాటకు అర్థం నాకు తెలుసు, నేనూ అన్నవాణ్ణే. ముందు మీరు పెట్టగలిగిన మొత్తం ఎంతో యింట్లో భార్యాభర్తలు అనుకుని రండి. ఆ మొత్తం చెప్పి, "యింతలో ఏం వస్తుంది?" అని అడగండి. తెలిసిన పూలవాడైతే యింతలోనే అందంగా చేసి చూపిస్తాడు.

ఇందాక నేను వేస్తానన్న రెండో ప్రశ్న మిగిలింది. అమ్మాయికి ఏ పువ్వు యిష్టం? ఈ ప్రశ్న వేయటం నాకు నేర్పినది ఎవరో చెప్పి ముగిస్తాను. 

ఆ సైకిలు షాపు ఆయన బాకీ తీర్చాక కొన్నాళ్ళకు కాలం చేశాడు. 2003 మేలో ఒకరోజు ఉదయం, ఏడెనిమిదేళ్ళ పిల్లవాణ్ణి వేలు పట్టుకుని ఒకామె కొట్టుకు వచ్చింది. "చాచా, నేను ఫలానావారి పెద్దమ్మాయిని. మా చెల్లి పెళ్ళి, అబ్బా లేరు గనుక నేనే వచ్చాను" అంది. కుర్చీ వేశాను. నీళ్ళు యిచ్చాను. ఆ పిల్లవాణ్ణి చూస్తే ఆ పాత మిఠాయి గుర్తుకొచ్చింది. పాత సంగతి ఎత్తాలా వద్దా అని తటపటాయిస్తుంటే ఆమే అంది: "నా పెళ్ళికి మీరు తెల్లపూలు బాగా కట్టారు చాచా. ఆ వాసనకు నాకు రాత్రంతా తలనొప్పి. నాకు చిన్నప్పటినుంచి కనకాంబరాలంటే యిష్టం. మా నానీ పెరట్లో వుండేవి. రెండు మూరలు జడలో పెట్టుకుంటే చాలనుకున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

నేనేమీ మాట్లాడలేకపోయాను. పది నెలల బాకీ ఎవరి కోసం చేసినట్టు? అమ్మాయి కోసం కాదు. ఆమెకు కావలసినది ఆ రోజు మా కొట్టులో, బుట్టలో, నా మోచేతి పక్కనే వుంది. 

"ఈసారి నేను మా చెల్లిని అడిగే వచ్చాను" అంది ఆమె. "దానికి మల్లెలు, మరువం కావాలట. స్టేజీకి పూలు వద్దట. ఎంతవుతుందో కాగితం మీద రాసివ్వండి చాచా." రాసిచ్చాను. ఆ కాగితం మీద ఆఖరున, ఆమె అడగకుండానే, కనకాంబరాలు రెండు మూరలు అని రాసి, దాని ఎదురుగా ధర వేయలేదు. ఆమె చదివి, కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. అది నా వైపు బాకీ. రెండు మూరలతో తీరేది కాదని నాకు తెలుసు.

సోదరులారా, సోదరీమణులారా! మీ యింట్లో పెళ్ళి నిశ్చయమైన రోజున, ఎవరి దగ్గరకు వెళ్ళకముందే, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "బేటీ, నీకు ఏ పువ్వు కావాలి?" అని అడగండి. సిగ్గుపడి "మీ యిష్టం" అంటుంది. రెండోసారి అడగండి. మూడోసారి వాళ్ళ అమ్మ చేత అడిగించండి. ఆ పువ్వు ఆ నెలలో దొరుకుతుందా లేదా మాలాంటివాళ్ళను అడగండి, ఉచితంగా చెబుతాం. 

సొసైటీవారికి నాదొక చిన్న విన్నపం. మన ఆఫీసులో ఆదివారాలు మధ్యాహ్నం గది ఖాళీగా వుంటుంది. మా ఆవిడ, మా కోడళ్ళు సెహ్రా గుచ్చటం, గజ్రా కట్టటం, పూలనగలు చేయటం నేర్పటానికి ఒప్పుకున్నారు. సూదులు, దారం, పూలు మా కొట్టునుంచి తెస్తాము. నేర్చుకున్న పిల్లలు తమ యిళ్ళల్లో పెళ్ళిళ్ళకు తామే కట్టుకుంటారు. అవసరం వున్నవాళ్ళు దాన్ని పనిగా చేసుకుని నాలుగు రూపాయలు సంపాదించుకుంటారు. అలాగే స్టేజీ వెనక కట్టే ఒక మంచి జరీ తెర, నాలుగు యిత్తడి కూజాలు సొసైటీ తరఫున కొని పెడితే, మన సభ్యుల పెళ్ళిళ్ళకు ఒకరి తర్వాత ఒకరు వాడుకోవచ్చు. మొదటి కూజా నాది.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. మాటల్లో తప్పులుంటే మన్నించండి. నా కొట్టుకు గిరాకీ తగ్గే మాటలు చెప్పానని మా పెద్దబ్బాయి అక్కడ వెనక వరసలో తల పట్టుకుని కూర్చున్నాడు, వాణ్ణి కూడా మీరే సముదాయించండి.